ఇచ్చట గుండెలు కుట్టబడును

ఆ పూట మా అత్తయ్య నోట్లో దారం లేకపోయి ఉంటే మా కొట్టు ఎవరికీ తెలిసేది కాదు. దారం కొస పళ్ళ మధ్య పట్టుకుని మాట్లాడటం ఆవిడకి పెళ్ళికి ముందు నుంచీ ఉన్న అలవాటట. ఆ మాట తీరు ఇంట్లో మా అందరికీ అర్థమవుతుంది. ఫోనుకి అర్థం కాలేదు. దాన్ని తప్పు పట్టడానికీ లేదు, అదేమన్నా మా ఇంటికి కాపురానికి వచ్చిందా.

ముందు కొట్టు సంగతి చెప్పాలి. మాది గుండీల కొట్టు. చొక్కాలకీ కోట్లకీ పెట్టుకునే గుండీలు. గది అనడం కంటే సందు అనడం నయం, ఇద్దరు ఎదురుపడితే ఒకరు ఒత్తిగిలాలి. ఎడమ గోడంతా నేల నుంచి కప్పు దాకా చిన్న చిన్న సొరుగులు. లోపల ఏముందో తెలియడానికి ప్రతి సొరుగు ముఖానా ఒక గుండీ కుట్టి ఉంటుంది. కొమ్ముతో చేసినవి, ముత్యపు చిప్పవి, కొయ్యవి, ఇత్తడివి, గుడ్డ చుట్టినవి, రెండు చిల్లులవి, నాలుగు చిల్లులవి. కుడివైపు బల్ల, బల్ల వెనక స్టూలు, స్టూలు మీద మా అత్తయ్య.

ఆవిడ పని జత చూడటం. మీ కోటుకున్న గుండీల్లో ఒకటి పోయిందనుకోండి, మిగిలినవాటిలో ఒకదాన్ని గుమ్మంలోకి తీసుకెళ్తుంది. వెలుతురులో అటూ ఇటూ తిప్పుతుంది. లోపలికొచ్చి ఏదో ఒక సొరుగు లాగి, దాని తోబుట్టువుని తీసి బల్ల మీద పెడుతుంది. అప్పుడు ఆవిడ ముఖం చూడాలి. ఇంట్లో మేం ఎంత అపురూపంగా చూసుకున్నా ఆ ముఖం రాదు. మామయ్యగారు పోయాక ఆవిడని నిలబెట్టింది మేం కాదు, ఆ సొరుగులే.

అలాంటిది, కొట్టుకి మనిషి రావడం మానేశాడు. గుండీ ఊడితే చొక్కానే పారేసే రోజులొచ్చాయి. టైలర్లు తగ్గిపోయారు, ఉన్నవాళ్ళు డబ్బాల్లో వచ్చే ఒకే రకం తెల్ల గుండీలతో సరిపెట్టుకుంటున్నారు. అత్తయ్య పొద్దున్నే వెళ్ళి తాళం తీసి, సొరుగులన్నీ తుడిచి, సాయంత్రం తాళం వేసుకుని వచ్చేది. ఎవరన్నా వచ్చారా అని అడగడం మేం మానేశాం.

ఒక ఆదివారం భోజనాల దగ్గర మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, మాట తెచ్చారు. "అమ్మా, పక్కన ఫోను కవర్లు అమ్మే అతను మన కొట్టు అడుగుతున్నాడు. ఈ వానలు తగ్గాక ఇచ్చేద్దాం. నీకూ మోకాళ్ళు పట్టేస్తున్నాయి. ఇంకా ఎన్నాళ్ళు ఆ స్టూలు మీద?"

బావగారు చెడ్డవారు కాదు. తల్లిని సుఖపెట్టాలనుకునే కొడుకే. కాకపోతే సుఖపెట్టడమంటే కూర్చోబెట్టడమే అనుకునే రకం.

"నీ ఇష్టం నాన్నా" అంది అత్తయ్య, కంచంలోంచి తలెత్తకుండా.

మా ఇంట్లో ఆ మాటకి ఒక్కటే అర్థం, నాకిష్టం లేదని. అది ఆర్నెల్ల కాపురంలోనే నాకు తెలిసింది, కడుపున పుట్టిన కొడుక్కి ఇంకా తెలియదు. నాకు ఒళ్ళు మండింది. ఒళ్ళు మండితే నా నోరు నా మాట వినదు.

"వానలు తగ్గేదాకా టైముంది కదా బావగారూ. ఈలోపు కొట్టుకి జనం వస్తేనో?"

"ఎక్కణ్ణుంచి వస్తారమ్మా?"

"ఫోన్లోంచి" అన్నాను.

మంచినీళ్ళు తాగుతున్న మా ఆయనకి పొలమారింది. అత్తయ్య మాత్రం తలెత్తి నా వైపు చూసింది. ఆ చూపులో ఏదో ఆశ కనిపించి నాకు భయమేసింది. బావగారితో, "సరే, వానలు తగ్గనీ. అప్పటికీ ఎవరూ రాకపోతే తాళం నేనే తెచ్చి నీ చేతికిస్తాను" అంది.

కోతలు కోసింది నేను, మాటిచ్చింది ఆవిడ.

సోషల్ మీడియాలో నాకున్న అనుభవమల్లా మా చెల్లెలి పిల్లల ఫొటోలకి లైకులు కొట్టడం. అయినా తగ్గలేదు. కొట్టు పేరు మీద ఒక పేజీ తెరిచాను. సొరుగుల ఫొటోలు పెట్టాను, గుండీలు గుప్పిట్లో పోసి తీసిన ఫొటోలు పెట్టాను. మా ఆయన, మా చెల్లెలు, మా ఆయన వర్క్‌షాపులో పనిచేసే మెకానిక్కులు ఫాలో అయ్యారు. ఆ మెకానిక్కుల ఒంటి మీద చొక్కాకి గుండీలు పూర్తిగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. కొనడానికి మాత్రం ఒక్కరూ రాలేదు.

"నేను రాస్తే ఎవరూ చూడట్లేదు అత్తయ్యా. మీరే చెప్పండి. మీరు మాట్లాడుతుంటే ఫోనే రాసుకుంటుంది" అని ఒక సాయంత్రం ఫోను ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ అప్పుడు ఏదో సొరుగుకి ఊడిన గుండీ కుడుతోంది. దారం నోట్లో ఉంది. అలాగే, బల్ల అవతల మనిషి ఉన్నట్టే నాలుగు మాటలు చెప్పింది. నేను బస్సుకి టైమవుతోందని చదవకుండా పేజీలో పెట్టేసి పరిగెత్తాను.

ఆవిడ గుండీ అన్నచోటల్లా ఫోను గుండె అని రాసుకుంది.

మర్నాడు పొద్దున మా ఆయన ఫోను నా ముఖం ముందు పెట్టి, "ఇదేంటి?" అన్నాడు. చదివాను. "గుండె ఊడిపోయిందా? ఎక్కడో పారేసుకున్నారా? దిగులుపడకండి. మిగిలింది పట్టుకుని మా కొట్టుకి రండి. రెండు చిల్లులున్నా, నాలుగు చిల్లులున్నా పరవాలేదు. పాతదైనా సరే, దానికి సరైన జత వెతికి మేమే కుట్టి పెడతాం. మళ్ళీ ఊడదు."

కింద జనం జాతరలా ఉన్నారు. "నాది ఎనిమిది చిల్లులు, కుదురుతుందా అమ్మా?" అని ఒకరు. "నాది ముక్కలైంది, కాజా కూడా చిరిగింది" అని ఇంకొకరు. "జత దొరికితే ఫోన్ నంబరు కూడా ఇస్తారా?" అని మరొకరు. ఎవరో మా కొట్టు ఫొటో మీద "ఇచ్చట గుండెలు కుట్టబడును" అని బోర్డు రాసి పంపించారు. దాన్ని ఊళ్ళు దాటి, సముద్రాలు దాటి పంచుకున్నారు.

దిద్దుదామని వేలు పెట్టబోయాను. అంతలో ఫాలో అయినవాళ్ళ లెక్క కంటపడింది. నిన్నటిదాకా మెకానిక్కులతో కలిపి నలభై మంది. ఇప్పుడు వేలల్లో ఉన్నారు. వేలు వెనక్కి తీసుకున్నాను. లక్ష్మి వస్తుంటే మోకాలు అడ్డుపెడతామా?

ఇక చూసుకోండి నా వైభవం. పొద్దున లేస్తే గుండెల మీద ఏం రాయాలా అన్నదే ఆలోచన. "తొందరపడి గట్టిగా లాగకండి, దారమే కదా" అని ఒకరోజు. "కాజా పెద్దదైతే గుండె నిలవదు" అని ఒకరోజు. రాసినదల్లా పేలింది. బావగారు కూడా ఆఫీసులో అందరికీ చూపించి మా అమ్మే అని చెప్పుకున్నారట. నేను వంటింట్లో కూర మాడగొట్టినా ఎవరూ ఏమీ అనలేదు.

కొట్టుకీ జనం వచ్చారు. అందులో అబద్ధమాడను. ఇద్దరమ్మాయిలు వచ్చి అత్తయ్యకి చెరోపక్క నిలబడి ఫొటో తీసుకున్నారు. ప్రేమించినవాడు వదిలేసిపోయాడని ఒకమ్మాయి వచ్చి స్టూలు మీద కూర్చుని ఏడిస్తే, అత్తయ్య టీ తెప్పించి తాగించింది. ఎవరొచ్చినా ఆవిడ ముందు లేచి నిలబడేది. "ఏదీ, చూపించు" అని చెయ్యి చాపేది. అవతలివాళ్ళు నవ్వేవాళ్ళు. "గుండీ వద్దు పెద్దమ్మా, ఫొటో చాలు." సొరుగు దాకా వెళ్ళిన చెయ్యి వెనక్కి వచ్చేది.

అది నేను చూశాను. చూసి కూడా, జనం అలవాటుపడనీ, తర్వాత కొంటారులే అనుకున్నాను.

వానలు ముదిరాయి. ఫొటోల సరదా తీరిపోయి కొట్టుకి వచ్చేవాళ్ళు ఆగిపోయారు. ఫోన్లో మాత్రం పదకొండు వేలు దాటారు. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్టుకోవడానికి చోటు లేదన్నట్టు తయారైంది మా పని. ఒక మధ్యాహ్నం, కొట్టు చూరు నుంచి నీళ్ళు కారుతుంటే, అత్తయ్య ఉన్నట్టుండి అడిగింది. "ఇంతమందిలో గుండీ కావాలని ఒక్కరూ అడగలేదా అమ్మాయ్?"

"అడిగితే చెప్పనా అత్తయ్యా?"

"నువ్వు నవ్వొచ్చేవే చదివి వినిపిస్తావు. అన్నీ చదువు."

సరే అని మొదటి నుంచీ చదవడం మొదలుపెట్టాను. గుండెలూ, కన్నీళ్ళూ, వెటకారాలూ. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయాను. ఆ మెసేజి నేను ముందే చూశాను. నవ్వు రాలేదని దాటేశాను.

"అమ్మా, నాది డ్రైక్లీనింగ్ కొట్టు. కస్టమర్ కోటు గుండీ మా మిషన్‌లో పగిలింది. ముదురాకుపచ్చ రంగు, కొమ్ముది, నాలుగు చిల్లులు. మీ దగ్గర దొరుకుతుందా?"

దాని కింద జనం వరసపెట్టి నవ్వారు. "పాపం, అన్న గుండె మిషన్‌లో పగిలిందట" అని ఎవరో రాస్తే దానికి ఇంకో వందమంది నవ్వారు. మర్నాడు ఆయనే మళ్ళీ రాశాడు. "నేను నిజంగా గుండీ గురించే అడుగుతున్నాను." ఆ తర్వాత ఇంకోటి. "శనివారం ఆవిడ కోటు కోసం వస్తారు. దయచేసి చెప్పండి."

ఆ శనివారం వెళ్ళిపోయింది.

నాకు పెళ్ళయిన దగ్గర్నుంచీ అత్తయ్య నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రోజు అంది. "గుమ్మంలో నిలబడి మూడుసార్లు పిలిచాడు. మనం ఇంట్లో ఉండి పలకలేదు. నువ్వు తెచ్చిన జనంలో మనకి కావలసినవాడు అతనొక్కడే. అతన్ని చూసి మిగతావాళ్ళు నవ్వారు, మనం ఊరుకున్నాం."

నేను తల వంచుకున్నాను. కోప్పడి ఉంటే ఎదురుచెప్పేదాన్ని, ఆవిడ కోప్పడలేదు. బాధపడింది.

"ఆ కొట్టు ఎక్కడుందో చూడు" అంది.

చూశాను. రెండు వీధుల అవతల. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఏంటో నాకు ఆ క్షణం తెలిసింది. సముద్రాల అవతలివాళ్ళకి కూడా మేం తెలుసు, రెండు వీధుల అవతలున్న మనిషికి జవాబు చెప్పలేదు. అత్తయ్య అప్పటికే లేచింది. ఆకుపచ్చ గుండీల సొరుగు మొత్తం ఊడబెరికి సంచీలో పెట్టుకుంది. పట్టపగలు కొట్టుకి తాళం వేయడం నేను చూడటం అదే మొదలు.

డ్రైక్లీనింగ్ కొట్టులో ఆవిరి వాసన. ప్లాస్టిక్ కవర్లలో కోట్లు వరసగా వేలాడుతున్నాయి, ఒక్కోదానికి ఒక్కో నంబరు చీటీ. మధ్యలోంచి సన్నటి మనిషి ఒకాయన కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చాడు. అత్తయ్యని చూసి గుర్తుపట్టాడు.

"మీరు, ఆ గుండెలు కుట్టే ఆవిడ కదూ."

"గుండీలు" అంది అత్తయ్య. నోట్లో దారం లేదు, పక్క కొట్టువాళ్ళకి కూడా అర్థమయ్యేలా అంది. "మీరు అడిగినప్పుడు పలకలేదు. మా తప్పే. ఆ కోటు ఇచ్చేశారా?"

ఇవ్వలేదు. ఆ కోటు ఆవిడ వచ్చి చూసి, ఇది మా నాన్నగారిది, వేరే గుండీ పెడితే నేను తీసుకెళ్ళను అని వదిలేసిపోయిందట. అప్పట్నుంచి ఆ కోటు రోజూ తన వైపు చూస్తోందని చెప్పాడాయన. మంచి బరువైన కోటు. పై నుంచి రెండో గుండీ ఉండాల్సిన చోట నాలుగు దారప్పోగులు నిలబడి ఉన్నాయి.

అత్తయ్య కోటుని గుమ్మం దాకా లాగింది. వాన వెలుతురులో ఒక్కో గుండీ పెట్టి చూసింది. ఒకటి రంగు కలిసింది కానీ అంచు వేరు. ఇంకోటి అంచు కలిసింది, రంగు ఒక పిసరు ఎక్కువ. సొరుగంతా అయిపోయింది. ఇంతా చేసి లేదని చెప్పి వెళ్ళాలా అనుకున్నాను.

ఆవిడ ఆ రంగెక్కువ దాన్నే పక్కన పెట్టి, కోటు అడుగున ఉన్న చివరి గుండీ చూపించింది. "ఇది ఎవరికీ కనబడదు, ఎవరూ పెట్టుకోరు కూడా. దీన్ని ఊడదీసి పైన కుడదాం. పైన కనిపించేది అసలుది. కొత్తది కింద సర్దుకుంటుంది. ఆవిడకి దాచకుండా చెప్పండి, ఒప్పుకుంటేనే తీసుకెళ్ళమనండి."

అక్కడే నిలబడి కుట్టేసింది. ఆయన కోటు ఎత్తి చూసి, కవర్లో పెట్టి, మళ్ళీ తీసి చూశాడు. ఆ తర్వాత కౌంటరు కింద నుంచి ఒక పెద్ద రేకు డబ్బా తీసి మా ముందు బోర్లించాడు. పగిలినవి, సగాలు, పెచ్చులు. "మా మిషన్లు నమిలేసినవి. ఊళ్ళో డ్రైక్లీనింగ్ వాళ్ళందరికీ ఇదే తలనొప్పి. మాకో వాట్సాప్ గ్రూపు ఉంది. రోజూ ఎవడో ఒకడు ఏడుస్తూనే ఉంటాడు."

అత్తయ్య ఆ కుప్పలోకి వంగింది. నేను చెప్పిన ముఖం, ఆ ముఖం వచ్చింది. నాకు కళ్ళు చెమర్చాయి.

ఆ పూట ఇంటికొచ్చి ఆలోచించాను. ఈసారి ఒళ్ళు మండకుండానే ఆలోచించాను. మాకు జనం అక్కర్లేదు. గుండీ పోగొట్టుకుని వెతుక్కునేవాళ్ళు కావాలి. వాళ్ళు కూడా ఈ ఊళ్ళోవాళ్ళే కావాలి, ఎందుకంటే జత చూడాలంటే మిగిలిన గుండీ చేతిలో ఉండాలి. ఫోను రంగుల విషయంలో పచ్చి అబద్ధాలకోరు, నీలాన్ని నలుపని చెప్పి ఒప్పించేస్తుంది. మరి అలాంటివాళ్ళు ఎవరు? డ్రైక్లీనింగ్ వాళ్ళు. స్వెట్టర్లు అల్లేవాళ్ళు. నాటకాలకి బట్టలు కుట్టేవాళ్ళు. పాత కోట్లు బాగుచేసి అమ్మేవాళ్ళు. వీళ్ళందరూ ఎక్కడెక్కడ కబుర్లు చెప్పుకుంటారో ఆ గ్రూపులన్నీ వెతికి, ఒక్కోచోట ఫలానా పని మీద వచ్చానని చెప్పుకుని చేరాను.

పేజీలో గుండెలు ఆపేశాను. "పొరపాటైంది, మాది గుండీల కొట్టు" అని రాస్తే అదింకో జోకనుకుని రెండు వేలమంది నవ్వారు. పట్టించుకోలేదు. పేజీ పేరు పక్కన మా వీధి పేరు పెట్టాను. రోజుకొక ఫొటో. అత్తయ్య గుమ్మంలో పట్టుకున్న ఒక బట్ట, దానికి లేని ఒక గుండీ. కింద రెండు ముక్కలు. "మిగిలినవాటిలో ఒకటి పట్టుకుని పగటిపూట రండి. వెలుతురులో చూసి జత చెబుతాం." ఎవరు ఏమడిగినా ఆ పూటే జవాబు. నవ్వేవాళ్ళకి లేదు, అడిగేవాళ్ళకే.

పదకొండు వేలమంది మెల్లమెల్లగా జారుకున్నారు. పోతే పోనీ అని పైకి అన్నాను కానీ, లెక్క తగ్గినప్పుడల్లా సొంత చుట్టాలు అలిగి వెళ్ళిపోతున్నట్టే ఉండేది. "నీ మీద మనసు విరిగి పోతున్నార్లే, కుట్టి పెట్టు" అన్నాడు మా ఆయన. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

బావగారు కూడా లెక్క చూస్తూనే ఉన్నారు. ఆయన చూసేది అదొక్కటే. "ఏమ్మా, సగానికి సగం పోయారే. నేను మొదట్లోనే అనుకున్నాను, ఇవన్నీ మూణ్ణాళ్ళ ముచ్చట్లని. వానలు కూడా తగ్గుతున్నాయి. వచ్చే వారం అతన్ని తీసుకొస్తాను." నేను ఏదో చెప్పబోతే అత్తయ్య కళ్ళతోనే ఆపేసింది.

కొట్టులో జరుగుతున్నది వేరు. ముందు డ్రైక్లీనింగ్ వాళ్ళు వచ్చారు, జేబుల్లో గుండీలు కాగితంలో చుట్టుకుని. ఆకుపచ్చ గుండీల కోటు ఆవిడ స్వయంగా వచ్చింది. గుండీ కింద నుంచి పైకి మార్చారని చెబితే ఒప్పుకుందట, ఆ ఉపాయం చెప్పిన మనిషిని చూడాలని వచ్చింది. వచ్చింది ఊరికే పోక, తను అల్లే స్వెట్టరుకి గుండీలు అడిగింది. ఆవిడ వెనక ఆవిడతో అల్లేవాళ్ళు ఇద్దరేసి ముగ్గురేసి దిగారు. నాటకాల బట్టలు కుట్టే బట్టతలాయన ఒకడు, రాజుగారి కోటుకి ఇత్తడి గుండీలు కావాలని వచ్చి, రాజుగారి కంటే ఎక్కువ దర్పంతో బేరమాడి, సేనాపతికి కూడా కొనుక్కుని పోయాడు.

వేలమంది కాదు. పూటకి నలుగురు, ఐదుగురు. కానీ వచ్చినవాళ్ళు చేతిలో ఏదో ఒకటి పట్టుకుని వచ్చేవాళ్ళు. అత్తయ్య చెయ్యి చాపితే ఆ చేతిలో పెట్టేవాళ్ళు. నిలబడి, ఒకరి బట్టలు ఒకరు చూసుకుని, సలహాలు చెప్పుకుని, అడ్డం తొలగమని ఒకరినొకరు విసుక్కుని, మళ్ళీ వచ్చేవాళ్ళు.

నాకు ఒకటే బెంగ. అత్తయ్య ఈ సంగతి బావగారితో ఒక్క ముక్క చెప్పలేదు. తన మనసులో ఏముందో నాతోనూ చెప్పలేదు. సాయంత్రాలు మోకాళ్ళకి నూనె రాసుకుంటూ కూర్చునేది. ఉంచుతారా అత్తయ్యా, వదిలేస్తారా అని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆవిడ అలిసిపోయి ఉంటే? కొడుకు మాట తీసెయ్యలేక సరే అనేస్తే? ఇన్నాళ్ళూ నేను నా పంతం కోసం ఆవిడని నిలబెట్టానేమో అని కూడా అనిపించింది.

వాన వెలిసిన రోజు బావగారు వచ్చారు. వెనక ఫోను కవర్ల అతను, చేతిలో కొలిచే టేపు. అద్దాల షెల్ఫులకి గోడ కొలతలు కావాలట. అప్పుడు కొట్టులో అల్లేవాళ్ళు నలుగురున్నారు, డ్రైక్లీనింగ్ ఆయన ఉన్నాడు, రాజుగారి కోటు చంకలో పెట్టుకుని నాటకాలాయన ఉన్నాడు. నేను సొరుగుల మూలన ఇరుక్కుని ఉన్నాను. బావగారు ఒక కాలు గుమ్మం లోపల, ఒక కాలు బయట పెట్టి ఆగిపోయారు. రెండో కాలు పెట్టడానికి చోటు లేదు.

"ఏంటమ్మా ఇదంతా? ఎవరు వీళ్ళు?"

"కాస్త ఆగు నాన్నా" అని అత్తయ్య చేతిలో పని పూర్తిచేసి, గుండీ ఇవ్వాల్సినవాళ్ళకిచ్చి, అప్పుడు తలెత్తింది. కొడుకుని చూసింది, వెనకాతల అతన్ని చూసింది, టేపు చూసింది.

"టేపు తెచ్చావా? మంచి పని చేశావు. ఆ గుమ్మం దగ్గర్నుంచి ఇదిగో ఈ మూల దాకా కొలువు."

బావగారు ఫోను కవర్ల అతని చేతిలోంచి టేపు తీసుకుని వంగారు. అల్లేవాళ్ళు ఒత్తిగిలి దారిచ్చారు. నాటకాలాయన అవతలి కొస పట్టుకున్నాడు. "ఐదున్నర అడుగులమ్మా" అన్నారు బావగారు, మోకాళ్ళ మీద నుంచే.

"కూర్చునే బల్ల ఒకటి పడుతుందా? నలుగురు పట్టాలి."

"పడుతుంది. బల్లెందుకు అతనికి?"

"అతనికి కాదు. వీళ్ళకి. ఎంతసేపని నిలబడతారు?"

బావగారు అలాగే మోకాళ్ళ మీద ఉండి చుట్టూ చూశారు. ఒక్కొక్కరి ముఖం, ఒక్కొక్కరి చేతిలో ఉన్నది చూశారు. ఆఖర్న తల్లి ముఖం చూశారు. చూసి, అలాగే ఉండిపోయారు. ఆయన అంతసేపు ఆవిడ ముఖంలోకి చూడటం నేనెప్పుడూ చూడలేదు. ఫోను కవర్ల అతను మర్యాదస్తుడు, తర్వాత కలుస్తానండీ అని మెల్లగా వెళ్ళిపోయాడు.

"అమ్మా," అన్నారు బావగారు చివరికి. "వెనక ఆనుకోవడానికి చెక్క పెట్టించాలా, వద్దా?"

"నన్నడుగుతావేంటి, కూర్చునేది నేనా? వాళ్ళని అడుగు" అని ఆవిడ ఇంకొకరి చేతిలోంచి గుండీ అందుకుని వెలుతురులోకి వెళ్ళింది.

నేను సొరుగుల వైపు తిరిగి ఏడ్చేశాను. నా వెనకాల బావగారు ఒక్కొక్కరినీ అడుగుతున్నారు. చెక్క ఉండాలనే అన్నారు అందరూ.